బేగంపేట పోయింది, బస్సైనా రానివ్వండి

తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం మొదలైంది. దాంతో నిజాం కాలం నాటి బేగంపేట మామూలు ప్రయాణికులకు మూతపడింది. అక్కడి ఇరుకు, గల్ఫ్‌కి వెళ్లే ఒక్కడి కోసం ఇంటిల్లిపాదీ గేటు బయట కాచుకోవడం పాతబస్తీ వాళ్లకింకా గుర్తే. అయితేనేం, సిటీ బస్సులో వెళ్లి దిగేవాళ్లు.

ఇప్పుడు తాళ్లు బిగించిన అట్టపెట్టెలతో, ఉమ్రా నుంచి తెచ్చిన జంజం డబ్బాలతో అర్ధరాత్రి దిగినవాళ్లను క్యాబ్ కిరాయే హడలెత్తిస్తోంది. విచిత్రమేమిటంటే, శంషాబాద్ ఉన్నది పాతబస్తీ వైపే!

పాతబస్తీ మీదుగా వెళ్లే ఎంజీబీఎస్–ఫలక్‌నుమా మెట్రోకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. సంతోషమే. ఆ రైలొచ్చేదాకా ఆగలేని వీళ్ల కోసం చార్మినార్ నుంచి రాత్రి విమానాలకు అందేలా, సామాను పట్టే బస్సులు మామూలు టికెట్టుతో నడిపించండి.