ఆడేది మన పిల్లలు, బొమ్మ పడదెందుకు?

మిరపకోతల రోజుల్లో ఒక ఆదివారం మా పల్లెలో ఒక తల్లి కూలికి పోలేదు. కూతురు విశ్వవిద్యాలయం జట్టులో కబడ్డీ ఆడుతున్నది. "అమ్మా, రేపు మా ఆట టీవీలో వస్తదంట" అని ముందురోజు రాత్రి ఫోన్ చేసింది. అంతే, తల్లి రోజు కూలి వదులుకుంది. టీవీ ఉన్న ఇంటి వరండాలో నలభైమంది దాకా చేరాం.

ముందు జ్యోతి వెలిగించారు. తర్వాత నాయకుల ఉపన్యాసాలు. ఆ తర్వాత సినిమా పాటలకు డాన్సులు. అవి నిన్నటివే, మళ్లీ వేశారు. చివరికి కబడ్డీ వచ్చింది, కాని పక్క మ్యాటు మీద మగపిల్లల ఆట. వాళ్ల వెనకాల మసకమసకగా మన పిల్ల కూతకు పోతున్నది. "అదిగో, అదిగో" అంటూ తల్లి లేచి టీవీ దగ్గరకు పోయి వేలు పెట్టి చూపించింది. అంతలో ప్రకటనలు. అవి అయ్యేసరికి వేరే ఆట. గెలిచారో ఓడారో సాయంత్రం ఫోన్ వస్తేగాని తెలియలేదు. రెండు పాయింట్ల తేడాతో ఓడారు.

ఏ చానలో రాయం. ఇది ఒక చానల్ సంగతి కాదు.

మనం అడుగుతున్నది చిన్న కోరికలా కనపడొచ్చు. పొలం సమస్యలుండగా, పాఠశాలలు మూతబడుతుండగా టీవీలో ఆట రాలేదని ఏడుస్తారా అని మన కార్యకర్తలే కొందరు నవ్వారు. నవ్వండి. కాని ఈ ఒక్కటి వినండి.

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మన విశాఖ అమ్మాయి యర్రాజి జ్యోతి 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పరుగెత్తింది. తండ్రి ప్రైవేటు సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో పనిచేసిన మనిషి. అప్పటికి జాతీయ రికార్డు 13.38. ఒడిశా అమ్మాయి అనురాధా బిస్వాల్ 2002లో పెట్టింది. పద్దెనిమిదేళ్ల రికార్డు బద్దలైంది కదా? కాలేదు! అక్కడ ఆ పిల్లకు డోపింగ్ పరీక్ష చేసినవాడు లేడు. అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. కాబట్టి ఆ పరుగు లెక్కలోకి రాలేదు. 2022 మేలో ఆ అమ్మాయే సైప్రస్ దేశం పోయి 13.23లో పరుగెత్తితే అప్పుడు జాతీయ రికార్డన్నారు. అంటే ఇక్కడి పరుగుకంటే నెమ్మదైన పరుగు అక్కడ రికార్డయింది.

కెమెరా ఉంటే పరీక్ష జరిగి తీరేదని మేము అనం. అంత అమాయకులం కాదు. కాని దేశమంతా చూస్తున్నచోట అధికారి కుర్చీ ఖాళీగా ఉండదు. ఎవరూ చూడని చోటే ఉంటుంది. ఆ సంగతి మన పల్లెలో రేషన్ షాపు దగ్గర్నుంచీ మనకు తెలిసిందే. బొమ్మ పడటమంటే సరదా ఒక్కటే కాదు, సాక్ష్యం.

ఆ జ్యోతే 2023 ఆగస్టులో చైనాలోని చెంగ్డూలో ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 12.78తో కంచు పతకం తెచ్చింది. అంతకుముందు 2019లో ఇటలీలోని నేపుల్స్‌లో అవే క్రీడల్లో ఒడిశా నేతపనివారి బిడ్డ ద్యుతీ చంద్ 100 మీటర్లలో బంగారం గెలిచింది. మన ఇళ్లలో ఈ రెండు పరుగులూ జరుగుతుండగా చూసినవాళ్లు ఎందరు? చేతులెత్తండి. మేమైతే మర్నాడు పేపర్లో చదివాం.

"కాలేజీ ఆటలు ఎవరు చూస్తారండీ" అంటారు టీవీవాళ్లు. కబడ్డీ గురించి కూడా ఇదే అన్నారు కదా! పల్లెటూరి ఆట, మట్టి ఆట, దాన్నెవరు చూస్తారన్నారు. 2014లో ప్రో కబడ్డీ పెట్టి, లైట్లు వేసి, నాలుగు వైపులా కెమెరాలు పెట్టి, రోజూ ఒకే టైముకి చూపించారు. జనం చూశారు. ఇప్పటికీ చూస్తున్నారు. చూపించకుండా చూడరనడం, బడి పెట్టకుండా వీళ్లకు చదువు రాదనడం లాంటిది. ఆ మాట మన తాతలు విన్నారు, మేమూ విన్నాం.

అమెరికా పోయిన మన పిల్లలు చెప్తుంటారు, అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఊళ్లకు ఊళ్లే కదులుతాయట. బిగ్ టెన్ అనే విశ్వవిద్యాలయాల కూటమి 2022లో ఏడేళ్ల ప్రసార హక్కులు 700 కోట్ల డాలర్లకు పైగా అమ్ముకుంది. ఆడేవాళ్లలో నల్లజాతి పిల్లలు ఎందరో. ఆ రాబడిలో వాళ్లకు విశ్వవిద్యాలయాలు నేరుగా వాటా ఇవ్వడం 2025 జూలైలోగాని మొదలుకాలేదు. చూసేవాళ్ల గతి? కంపెనీల డబ్బు తగాదాలో 2025 అక్టోబరు ఆఖరు నుంచి రెండు వారాలు లక్షల ఇళ్లలో ఆ ఆటల చానళ్లు ఆగిపోయాయి. మనకు అలాంటి సంత అక్కర్లేదు. అక్కడ ఆట అమ్ముడుపోయి చూసేవాడు ఏడుస్తున్నాడు, ఇక్కడ ఆట కనపడకే ఏడుస్తున్నాడు.

ఐ.పి.ఎల్. క్రికెట్‌కు 2022లో అయిదేళ్ల ప్రసార హక్కులు 48,390 కోట్లకు పోయాయి. వాళ్ల వ్యాపారం వాళ్లది. కాని ఆకాశం ఎవరిది? ఇది మేము ఆవేశంలో అడుగుతున్న ప్రశ్న కాదు. 1993 హీరో కప్ క్రికెట్ ప్రసారం మీద తగవు సుప్రీంకోర్టు దాకా పోతే, 1995 ఫిబ్రవరిలో కోర్టు చెప్పింది: గాలిలో ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి. ఆ తీర్పు చెప్పిన ముగ్గురిలో ఒకరు మన తెలుగువాడు, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. క్రికెట్ తగాదాలో మన ఆస్తికి పట్టా దొరికింది. పట్టా ఉంది, పొలం మాత్రం మన చేతిలో లేదు. ఈ బాధ మనకు కొత్తా?

ఇక దూరదర్శన్ సంగతి. ప్రసార భారతి చట్టం 1990లో చేశారు, 1997లో అమల్లోకి వచ్చింది. దాని పన్నెండో సెక్షన్‌లో ఆటలకు తగినంత చోటివ్వాలని రాసి ఉంది. ఏ ఆటకో, ఎవరి ఆటకో గీత గీయలేదు. ఫ్రీ డిష్ గొడుగు పెట్టుకుంటే నెలనెలా డబ్బు కట్టకుండా డి.డి. స్పోర్ట్స్ వస్తుంది. 2020 నుంచి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు జరుగుతున్నాయి, వాటిలో కొన్ని చూపుతున్నారు. చూపినంతవరకు సంతోషమే. కాని ఏ రోజు ఏ ఆట, ఏ టైముకి? ముందు చెప్పాలి. ప్రారంభోత్సవం రెండు గంటలు చూపి ఫైనల్ పరుగు పది సెకన్లు చూపొద్దు. ఆడే పిల్ల పేరుతోపాటు ఊరి పేరు కూడా చెప్పాలి. వ్యాఖ్యానం తెలుగులో ఉండాలి. "యాప్‌లో చూసుకోండి" అనే మాట మాకు చెప్పొద్దు. డేటా వేయించుకునే డబ్బు కూలి డబ్బే.

ఈ ఏడు పోటీల తేదీలు రాగానే మీ ఊరి నుంచి ఏ పిల్ల, ఏ పిల్లవాడు ఏ జట్టులో ఆడుతున్నారో రాసిపెట్టుకోండి. ఆంధ్రలో వాళ్లు విజయవాడ సప్తగిరికి, తెలంగాణలో వాళ్లు హైదరాబాద్ యాదగిరికి ఉత్తరం రాయండి. పిల్ల పేరు, ఊరు, ఆట, ఆడే రోజు అన్నీ రాయండి. మా పల్లె ఉత్తరం తయారైంది. మొదటి సంతకం ఆ తల్లిది. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు.