గులకరాళ్ల గుమ్మం

బ్యాంకు వాడికి అడవి ఎలుకలతో ఏం పని అనకండి. నాకు మొదట తెలిసినవి రికార్డు రూములో పాత లెడ్జర్లు కొరికే ఎలుకలే. మిగతా పాఠం సిరొంచ రైతు దగ్గర నేర్చుకున్నాను.

1998లో నాకు గడ్చిరోలి జిల్లా సిరొంచలో పోస్టింగు. పేరుకు మహారాష్ట్రే గాని వీధిలో ఎక్కడ విన్నా తెలుగే. అప్పటికి అక్కడ గోదావరి మీద వంతెన లేదు. కాళేశ్వరం నుంచి పడవలో దాటాలి.

జొన్న పంటకు ఎనిమిది వేలు అప్పు తీసుకున్న ఒక రైతు వాయిదా కట్టలేదు. ఎందుకయ్యా అంటే, "ఎలుకలు తిన్నయి సారూ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. "నవ్వుడు గాదు, చేనుకాడికి రారి" అని వెంటబెట్టుకు పోయాడు.

చూస్తే నిజమే. దంట్లు నిలబడి ఉన్నాయి, కంకులు లేవు. రేగడి నేల నెర్రెలిచ్చి ఉంది. ఎలుకలు ఆ నెర్రెల్లోనే కాపురం ఉంటాయట, రాత్రి దంటు ఎక్కి కంకి కొరికి కింద పడేసి తింటాయట. చేను అంచున ఎర్ర మొరం దిబ్బ ఒకటుంది. అందులో ఓ బొరియ, దాని ముందు ఎవరో ఏరి పోసినట్టు సన్నని గులకరాళ్లు. పిల్లల ఆటేమో అనుకున్నాను.

"పోరగాండ్లు కాదు సారూ, గది చిట్టెలుక ఇల్లు. లోపలికి పోయి రాళ్లు అడ్డం వెట్టుకుంటది. గిది పాపం, చేను జోలికి రాదు."

తిరిగొచ్చి రిపోర్టు రాశాను. నష్టానికి కారణాలు అచ్చువేసిన ఫారంలో వరద ఉంది, కరువు ఉంది, తెగులు ఉంది. ఎలుక లేదు. "ఇతరములు" అన్న చోట రాయొచ్చు. రాస్తే పైవాళ్లు వెయ్యి ప్రశ్నలు వేస్తారు. "చెప్పిన కారణం నమ్మదగినదిగా లేదు" అని రాసి సంతకం పెట్టాను, చేను కళ్లారా చూసి వచ్చి కూడా. గడువు పొడిగించలేదు. ఆయన ఎద్దును అమ్మి బాకీ తీర్చాడు.

చాలా ఏళ్ల తర్వాత వాల్టర్ ఎలియట్ 1839లో ప్రకటించిన జంతువుల జాబితా నా చేతికొచ్చింది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన ఎలియటే ఈయన. మన మొక్కల తెలుగు పేర్లతో 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' వేసిందీ ఈయనే. జాబితా మాత్రం ధార్వాడ వైపు సీమది. అక్కడ చెరువులు తవ్వే వడ్డెరలను అడిగి ఎలుకల పేర్లు రాసుకున్నాడు. పొలాల్లో ఉండేదాన్ని వాళ్లు 'మెత్తడె' అన్నారు. బొచ్చు మెత్తన గనక మన 'మెత్త'నే అయ్యుంటుందని నా ఊహ. ఆ పేరే శాస్త్రజ్ఞుల చేతిలో 'మెల్టాడా' అయి కూర్చుంది.

మొరం నేలలో ఉండేది 'కల్ ఎలుక'. బొచ్చు చదునుగా, ముళ్లలా ఉంటుంది. లోపలున్నప్పుడు గుమ్మం గులకరాళ్లతో మూస్తుందనీ, లోపల గదిలో కూడా రాళ్లే పరుచుకుని వాటి మీద కూర్చుంటుందనీ రాశాడు. ఒక బొరియ తవ్విస్తే ముసలి జంట ఒక రాళ్ల పరుపు మీద, పిల్లలు వేరే సందులో ఇంకో రాళ్ల పోగు దగ్గర కనిపించాయట. ఆస్ట్రేలియా పిల్బరా మెట్టల్లోనూ నోటితో గులకరాళ్లు మోసుకొచ్చి గుట్ట పోసే ఎలుక ఒకటుంది. మన దగ్గరిదే మనకు తెలియదు.

అదే పుస్తకంలో 1826 సంగతి ఉంది. తొలకరి సరిగా కురవలేదు. మామూలుగా తొలి వానకు నెర్రెలు పూడి వేలకొద్దీ మెత్తడెలు చస్తాయి. ఆ ఏడు చావలేదు. విత్తనం తిన్నాయి, జొన్న దంట్లెక్కి కంకులు కొరికాయి. వడ్డెరలు డజన్ల లెక్కన ధాన్యం కూలికి వేలల్లో చంపినా తగ్గలేదు. రైతులు శిస్తు కట్టలేకపోయారని ఎలియట్ స్పష్టంగా రాశాడు. కంపెనీ దొర రాసిన కారణమే, నేను రాయనిది.

మొన్నామధ్య వంతెన మీదుగా సిరొంచ వెళ్లాను. ఆ రైతు పోయాడు. మొరం దిబ్బ కూడా లేదు, రోడ్డుకు తవ్వుకుపోయారట. కొడుకు గుర్తుపట్టి టీ తెప్పించాడు. ఎద్దు సంగతి అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.