కార్మికుని జాడ యాజమాన్యపు ఆస్తి కాదు

రాయపూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ రహదారి వెంబడి విస్తరించిన సిల్తారా పారిశ్రామికవాడలో స్పాంజి ఇనుము, ఉక్కు కర్మాగారాలు రేయింబవళ్లు పనిచేస్తున్నవి. ముడి ఖనిజాన్ని, బొగ్గును మోసే లారీలకు ఉపగ్రహాల సాయంతో స్థానాన్ని తెలిపే జి.పి.ఎస్. పరికరాలు అమర్చడం నేడు సర్వసాధారణమైనది. డ్రైవరు జేబులోని సెల్‌ఫోను కూడ అదే పని చేయగలదు. దేశంలో అనేక సంస్థలు హాజరును సైతం ఫోనులోని యాప్ ద్వారా, ఉద్యోగి నిలబడిన చోటును గుర్తించి నమోదు చేస్తున్నవి. దారి చూపవలసిన సాధనం క్రమక్రమంగా కాపలా సాధనంగా మారుతున్నది. వేతనాలు, పనిగంటల సమస్యలతో సమానంగా ఈ సమస్యను కార్మిక సంఘాలు చేపట్టవలసిన సమయం ఆసన్నమైనది.

ఈ వ్యవహారంలో రెండు రకాల సమాచారం ఇమిడి ఉన్నది. సేవను వాడుకొనే మనిషి ఎక్కడ ఉన్నాడన్నది ఒకటి. సేవనందించే సంస్థ కూర్చుకొన్న పటాలు, చిరునామాలు, లెక్కలు రెండవది. రెండింటికీ రక్షణ కావలసినదే. సొమ్ము వెచ్చించి తయారుచేసిన పటాన్ని ఇతరులు అపహరించరాదని సంస్థ కోరడంలో తప్పులేదు. కాని తన సమాచారానికి వ్యాపార రహస్యమని తాళం వేసుకొనే సంస్థ, శ్రామికుని జాడను మాత్రం తన సొంత ఆస్తిగా భావిస్తున్నది. తమ గురించి ఏ సమాచారం ఉంచుకొన్నారో చెప్పవలసిందని ఉబర్, ఓలా సంస్థలపై డ్రైవర్లు వేసిన దావాలలో ఈ వ్యాపార రహస్య వాదమే ముందుకు వచ్చింది. 2023 ఏప్రిల్ 4న ఆమ్‌స్టర్‌డామ్ అప్పీలు న్యాయస్థానం ఆ వాదాన్ని చాలవరకు త్రోసిపుచ్చింది. 2024 ఆగస్టులో, డ్రైవర్ల స్థాన వివరాలతో సహా వ్యక్తిగత సమాచారాన్ని తగిన రక్షణ లేకుండా అమెరికాకు తరలించినందుకు నెదర్లాండ్స్ సమాచార రక్షణ అధికార సంస్థ ఉబర్‌పై 29 కోట్ల యూరోల జరిమానా విధించింది.

పేర్లు తొలగించి లెక్కలు మాత్రమే భద్రపరుస్తున్నాము గదా అని యాజమాన్యాలు సమాధానం చెప్పవచ్చును. ఈ సమాధానం నిలువదు. 15 లక్షల మంది సెల్‌ఫోను వాడకందార్ల 15 మాసాల రాకపోకలను పరిశీలించి 2013లో వెలువరించిన ఒక అధ్యయనం ప్రకారం, ఒక మనిషి ఏ సమయంలో ఎక్కడ ఉన్నాడో నాలుగు వివరాలు దొరికితే చాలు, నూటికి 95 మందిని తక్కినవారినుండి వేరుచేసి గుర్తించవచ్చును. మన లారీ డ్రైవరు విషయం ఆలోచించండి: గని, కాటా, టీ దుకాణం, ఇల్లు. నాలుగు చుక్కలు పూర్తి అయినవి!

ఛత్తీస్‌గఢ్ గడ్డపై ఇది తేలికగా తీసుకొనదగిన మాట కాదు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, భిలాయిలోని నివాసంలో నిద్రిస్తున్న కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగిని కిటికీ గుండా కాల్చి చంపారు. ఆనాడు హంతకునికి ఏ యంత్రమూ అవసరం కాలేదు. నాయకుడు ఎక్కడ నిద్రిస్తాడో తెలియడమే చాలింది. నేడు అటువంటి సమాచారం ఒక్క నాయకునిది కాదు, ప్రతి కార్మికునిది గంటగంటకూ పోగవుతున్నది. సంఘ సమావేశానికి ఎవరు వచ్చారో, ఎంతసేపు ఉన్నారో, ఎవరి ఇంటికి వెళ్లారో తెలుసుకొనడానికి వేగులవాడు అక్కరలేదు. సంఘటిత హక్కు కాగితంపై చెక్కుచెదరకున్నా, భయం దానిని లోపలనుండి తినివేయగలదు.

ఇది సాంకేతికంగా అనివార్యమన్న వాదం కూడ అసత్యం. ఏ వివరాన్ని అడిగారో దానిని భద్రపరచిన కంప్యూటరుకే తెలియకుండ ఆ వివరాన్ని పొందే గణిత పద్ధతిని శాస్త్రజ్ఞులు 1995లోనే ప్రకటించారు. అడిగినవాని రహస్యాన్ని కాపాడుతూనే, అడిగిన ఒక్క వివరం మినహా సంస్థ భాండాగారంలోని మరేదీ బయటికి పోకుండ చూసే పద్ధతి 1998లో వచ్చింది. కచ్చితమైన చోటుకు బదులు అనేకమంది ఉన్న విశాల ప్రాంతాన్ని మాత్రమే తెలిపే విధానాన్ని 2003లో ప్రతిపాదించారు. ఈ పద్ధతులకు ఖర్చు ఎక్కువే, కొన్నిటికి వేగం తక్కువే. అయినా ఇరుపక్షాల రహస్యాలనూ ఏకకాలంలో కాపాడవచ్చునని రుజువైనది. కొరవడినది యాజమాన్యాల సంకల్పం మాత్రమే.

చట్టం ఏమంటున్నది? ఏకాంతపు హక్కు ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. బెయిలుపై ఉన్న నిందితుని కదలికలను పోలీసులు నిరంతరం గమనించేటట్లు షరతు విధించరాదని అదే న్యాయస్థానం 2024 జూలై 8న ప్రకటించింది. నిందితునికి లభించిన ఈ రక్షణ ఏ నేరమూ చేయని కార్మికునికి ఎందుకు లభించరాదు? 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోని 7వ సెక్షను, ఉద్యోగ సంబంధమైన అవసరాలకు సమ్మతి లేకుండానే సమాచారాన్ని వాడుకొనే వెసులుబాటును యజమానికి కల్పించింది. చట్టపు నియమాలు 2025 నవంబరులో వెలువడగా, ప్రధాన విధులు 18 మాసాల అనంతరం అమలుకు వచ్చేటట్లు నిర్ణయించారు. చట్టం విడిచిన లోటును బేరసారాల బలంతోనే పూడ్చుకొనవలసియున్నది.

సరుకు ఎక్కడున్నదో తెలుసుకొనే హక్కు యజమానికి ఉన్నది. ప్రమాదం సంభవించినపుడు లోపల చిక్కుకొన్న కార్మికుని వెదకడానికి ఈ సాధనం ప్రాణరక్షకమే. వాటిని మనం వ్యతిరేకించడం లేదు. సరుకును గమనించండి, మనిషిని వెంటాడవద్దు అన్నదే మన వాదం. కనుక ప్రతి ఒడంబడికలోనూ ఈ క్రింది అంశాలను చేర్పించాలి:

1. పరికరం వాహనానికే పరిమితం కావాలి; కార్మికుని సొంత ఫోనులో యాప్ పెట్టించరాదు.

2. డ్యూటీ ముగియగానే నమోదు నిలిచిపోవాలి.

3. సేకరించిన వివరాలను నిర్ణీత గడువులో చెరిపివేయాలి. ఇతర సంస్థలకు అప్పగించరాదు.

4. తన గురించిన వివరాలను చూసే హక్కు కార్మికునికి ఉండాలి.

5. ఆ వివరాల ఆధారంగా శిక్ష విధించదలచినపుడు, ముందుగా సంఘ ప్రతినిధి సమక్షంలో విచారణ జరగాలి.

క్రొత్త క్రమశిక్షణా నియమం ప్రవేశపెట్టే ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలన్న సూత్రం 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉండేది. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ నిలిచింది. జాడ తీసే యంత్రం క్రమశిక్షణా యంత్రమే గనుక, నోటీసు లేకుండా దానిని బిగించిన ప్రతిచోటా స్థానిక శాఖలు వెంటనే వ్రాతపూర్వకంగా అభ్యంతరం తెలపాలి. ఎనిమిది గంటల శ్రమను మాత్రమే మనం అమ్ముకొన్నాము. తక్కిన పదహారు గంటల అడుగుజాడలు మనవే.