గడియారముతో పందెము

పందెమనగా పలువురు ప్రక్కప్రక్కను సాగి యొకరినొకరు దాటుట యని మనము తలంతుము. కాని సైకిలు పందెములలో టైము ట్రయలను నొక విధము కలదు. ఇందు పోటీదారులు ఒకటి రెండు నిమిషముల యెడముతో నొక్కొక్కరుగా బయలుదేరుదురు. తక్కువ కాలములో గమ్యము చేరినవానిదే జయము. దాటవలసిన ప్రత్యర్థి కన్నుల కగపడడు గనుక నిది చప్పని వేడుక యని కొందరందురు. నా యభిప్రాయము వేరు. చూపరికి న్యాయబుద్ధిని నేర్పుటలో నీ పందెమునకు సాటి లేదు.

గుంపుగా సాగు పందెమున ఒకని వెనుక నొకడు ఒదిగి యెదురుగాలి తాకిడిని తప్పించుకొనవచ్చును. ఇచ్చట నట్లు చేయుట నియమవిరుద్ధము. ఎవని శ్రమ వానిదే. త్రోవప్రక్కను నిలిచినవాడు ఒక్కొక్కని కొలది క్షణములు మాత్రమే చూచును. అయినను చేత గడియారమును, కాగితమును, పెన్సిలును ఉన్నచో వానికి విసుగు తెలియదు. ఒక్కొక్కని కాలము వ్రాసికొని, ముందటివానితో పోల్చి, మిగిలిన దూరమున నేమగునో లెక్కించుచుండును. పెక్కు దినముల పందెములో మొత్తముమీద ముందున్నవాడు కడపట బయలుదేరును గనుక తుదివరకు ఫలితము తేలదు.

1989వ సంవత్సరము జూలై 23వ తేదీని, ఫ్రాన్సుదేశపు మహాపందెమగు టూర్ ద ఫ్రాన్స్ కడపటి దినమున, వెర్సాయి నుండి పారిసు వరకు 24.5 కిలోమీటర్ల టైము ట్రయలు జరిగెను. ఫ్రెంచివాడగు లోరాన్ ఫిన్యోన్ 50 సెకండ్లు ముందుండెను. అంత స్వల్పదూరములో నంత వ్యత్యాసము తీరదని పెక్కండ్రు తలంచిరి. అమెరికావాడగు గ్రెగ్ లెమాండ్ 1987లో వేటలో పొరపాటున తుపాకిగుండ్లు తగిలి చావు తప్పించుకొనినవాడు. అతడు త్రోవలో తన కాలమెంతయో తెలుపవలదని తనవారితో జెప్పి, 26 నిమిషముల 57 సెకండ్లలో గమ్యము చేరెను. ఫిన్యోన్‌కు మరి 58 సెకండ్లు పట్టెను. మూడువేల కిలోమీటర్లకు మించిన యా మహాపందెము 8 సెకండ్లతో తేలెను.

చూపరికి పరీక్ష యిచ్చటనే కలదు. ఫిన్యోన్ 1983, 1984 సంవత్సరములలో నా పందెమునే గెలిచినవాడు. నాడు కూర్చుండుచోట పుండుతో బాధపడుచును మూడవవాడుగా నిలిచెను. అయినను లోకము వానిని ఎనిమిది సెకండ్లతో నోడినవానిగనే తలచును. ఇది న్యాయమా?

గడియారము పక్షపాతము చూపదు, నిజమే. కాని అది సర్వమును చెప్పదు. 1999 మొదలు 2005 వరకు ఏడుమార్లు గెలిచిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, నిషిద్ధౌషధములు వాడినందున 2012లో ఆ విజయములన్నిటిని కోల్పోయెను. గడియారము వేగమును కొలిచెను గాని మనస్సాక్షిని కొలువజాలకపోయెను. కావున అంకెనే పూజించువాడు మంచి అభిమాని కాడు.

విద్యార్థులారా, పరీక్షాశాలలో మీరును ఒంటరిగనే సాగవలసినవారు. తలిదండ్రులారా, మార్కుల పట్టీయు నొక గడియారమే. దానిని చూడుడు, దానితోనే బిడ్డను కొలువకుడు. టైము ట్రయలులో మొట్టమొదట బయలుదేరువాడు పట్టికలో కడపటివాడు. వానికి చప్పట్లు కొట్టుటకై అందరికంటె ముందుగా వచ్చి త్రోవప్రక్కను నిలుచువాడే నిజమైన అభిమాని.