చిక్కినట్లే చిక్కి జారిపోయే మసి

కరెంటు పోయిన రాత్రుల మరునాడు లాంతరు చిమ్నీని ముగ్గుపిండితో తుడవడం మా ఇంట పిల్లల వంతు. గుడ్డకు అంటిన మసి మరి వదిలేది కాదు. డీజిల్ బండి పొగలో ఉండేదీ ఆ జాతి మసే. కాని అందులో చాలా కణాల వ్యాసం మిల్లీమీటరులో పదివేలవ వంతుకు మించదు. అవి ఊపిరితిత్తుల లోలోపలి గదులదాకా పోగలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో డీజిల్ ఇంజను పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

పొగను విద్యుత్తుతో పట్టవచ్చునన్నది పాత మాటే. బ్రిటన్‌లో ఆలివర్ లాడ్జ్ 1880ల్లో సీసపు పొగపై ప్రయత్నించి విఫలుడైనాడు. కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ గంధకామ్లపు పొగమంచుపై సఫలుడై 1908లో పేటెంట్ పొందాడు. సన్నని తీగకు వేల ఓల్టుల విద్యుత్తు నిస్తే దాని చుట్టూ ఉన్న గాలి అయనీకరణం చెందుతుంది. పొగలోని రేణువులు ఆవేశం పొంది ఎదుటి పలకకు చేరుతాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాలలో బూడిదను పట్టేది ఈ ఉపాయమే.

మరి డీజిల్ మసిని ఇలాగే పట్టరాదా? పట్టవచ్చు, నిలుపుకోవడమే కష్టం. బొగ్గు బూడిద విద్యుత్తును అంతగా ప్రవహింపనీయదు గనుక పలకకు అతుక్కొని ఉంటుంది. మసి కర్బనం, మంచి వాహకం. పలకను తాకీ తాకగానే తన ఆవేశాన్ని పోగొట్టుకొని పలక ఆవేశాన్నే పుచ్చుకుంటుంది. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని బడిలో చదువుకున్నదే కదా! ఒక కణంపై మరొకటి చేరి, గొలుసులు గొలుసులుగా పలకనుండి బయటకు మొలుచుకొనివచ్చి, పొగ విసురుకు పుటుక్కున తెగి మళ్ళీ గాలిలో కలుస్తాయి.

'ఫీల్డు'ను మనవారు 'క్షేత్రం' అన్నారు. ఆ మాట వినగానే నాకు కాశీ, శ్రీశైలం మెదిలేవి. అనువదించేటప్పుడు కలం ఆగేది. ఈ గొలుసుల సంగతి చదివాక పొలమన్న అర్థమే ఒప్పుతుందనిపించింది. కంటికి కనబడని చాళ్ళవెంట మసి పైరులా మొలుస్తున్నది మరి.

తెగిపడిన ముక్కలు మొదటి కణాలకన్న ఎన్నోరెట్లు పెద్దవి. పొగను సుడి తిప్పే సైక్లోన్ పరికరానికి చిన్నవి చిక్కవు గాని ఇవి చిక్కుతాయి. కనుక ఓటమి పూర్తిగా ఓటమి కాలేదు.

మనదేశంలో 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్-6 ప్రమాణాలు వచ్చిన తరువాత డీజిల్ కార్లకు మసి వడపోత పరికరాలు అమరాయి. ఆ వడపోత పగిలితే తెలిసేదెలా? దాని వెనుక, పొగ దారిలో, ఒక చిన్న పింగాణీ పలకను ఉంచే పద్ధతి ఒకటి ఉన్నది. దానిపై రెండు దువ్వెనలను పళ్ళలో పళ్ళు తగలకుండా ఇమిడ్చినట్లు లోహపు గీతలుంటాయి. వాటికి ఓల్టేజి ఇస్తే ఆ క్షేత్రం మసిని లాగి గొలుసులు కడుతుంది. గొలుసు ఒక గీతనుండి మరొక గీతకు వంతెన వేసిన క్షణాన కరెంటు పారుతుంది. వడపోత బాగుంటే అందుకు చాలాసేపు పడుతుంది. పగిలిందంటే త్వరగానే పారుతుంది. ఓల్టేజి పెంచితే వంతెన ఇంకా ముందే పడుతుంది. అయితే ఇక్కడా గొలుసులు నడుమ తెగి లెక్క తప్పించడం కద్దు. పలక నిండగానే దాన్ని ఎర్రగా కాచి మసిని కాల్చివేసి, లెక్క మళ్ళీ మొదలుపెడతారు.