పే స్లిప్ చదవడం మీకూ రావాలి

"అక్కయ్యా, నెలకి ఎనిమిది వేల డాలర్ల జీతమని పెళ్లిచూపుల్లో చెప్పారు. తీరా బ్యాంకులో పడేది చూస్తే అంత లేదు. మిగతాది ఎక్కడికి పోతున్నట్టు?"

కిందటి నెల డాలస్ నుంచి మా చిన్నాన్న కూతురు ఫోన్లో అడిగిన మాట ఇది. గొంతులో కాస్త అనుమానం కూడా వినిపించింది. "ముందు ఆయన్ని అడిగి పే స్లిప్ తెచ్చుకో. ఇద్దరం కలిసి చదువుదాం" అన్నాను.

మీ ఇంట్లోనూ అమ్మాయో కోడలో అమెరికాలో ఉండే ఉంటుంది. లేదా మీరే రేపోమాపో బయల్దేరుతూ ఉండొచ్చు. అందుకే ఆ రోజు మేం చూసుకున్న లెక్క మీకూ చెబుతున్నాను.

పే స్లిప్ మన పోపులపెట్టె లాంటిదే. ఏ గిన్నెలో ఏముందో తెలిస్తే కంగారుండదు.

మొదటిది ఫెడరల్ ఇన్‌కమ్ టాక్స్. ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే డబ్ల్యూ-4 ఫారాన్ని బట్టి కంపెనీ దీన్ని కోస్తుంది. పెళ్లయ్యాక ఆ ఫారం మార్చకపోతే పెళ్లికానివాళ్ల లెక్కనే కోస్తూ ఉంటారు. ఎక్కువ కోసింది రిటర్ను వేశాక తిరిగొస్తుంది. తక్కువ కోస్తే మనమే కట్టాలి. కాలిఫోర్నియా లాంటి చోట్ల రాష్ట్రానికీ టాక్స్ కట్టాలి. టెక్సాస్‌లో జీతం మీద ఆ బాధ లేదు.

రెండోది సోషల్ సెక్యూరిటీ, నూటికి 6.20 డాలర్లు. మూడోది మెడికేర్, నూటికి 1.45. అంటే ఎనిమిది వేల జీతంలో 496, 116 డాలర్లు. కంపెనీ కూడా అంతకు అంత తనవంతు కడుతుంది. మెడికేర్ అన్నారు కదాని ఇప్పుడు జ్వరమొస్తే పనికొస్తుందనుకోకండి. అది ముఖ్యంగా 65 ఏళ్లు నిండినవాళ్లకి. ఇప్పటి వైద్యానికి తీసుకునే హెల్త్ ఇన్సూరెన్స్ వేరు, దాని ప్రీమియం కోత కూడా వేరు.

"మరి ఇండియా వచ్చేస్తే సోషల్ సెక్యూరిటీ డబ్బు వెనక్కి ఇస్తారా అక్కా?"

ఇవ్వరమ్మా! ఇది చీటీపాట కాదు. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. 2025లో 1,810 డాలర్ల సంపాదనకి ఒక క్రెడిట్ చొప్పున లెక్కేశారు. ఎంత సంపాదించినా ఏడాదికి నాలుగే. అంటే తక్కువలో తక్కువ పదేళ్లు పనిచేయాలి. జర్మనీ, ఫ్రాన్స్, కెనడాలతో మన దేశానికి ఈ విషయంలో ఒప్పందాలున్నాయి. అమెరికాతో మాత్రం ఇంతవరకూ లేదు. చదువుకునే వీసా మీద ఉన్న తొలి అయిదు కాలెండర్ సంవత్సరాలు సాధారణంగా ఈ రెండు కోతలూ ఉండవు. కోత లేదు కాబట్టి క్రెడిట్లూ రావు.

మా బంధువుల్లో ఒకాయన తొమ్మిదేళ్లు ఉద్యోగం చేసి తట్టాబుట్టా సర్దుకుని వచ్చేశారు. 36 క్రెడిట్లు! ఇంకొక్క ఏడాది ఆగితే సరిపోయేదని ఆయనకీ తెలీదు, ఆవిడకీ తెలీదు. ఆ క్రెడిట్లు చెరిగిపోవు, మళ్లీ వెళ్లి పనిచేస్తే కలుస్తాయి. కానీ అరవై దగ్గర పడ్డాక ఎవరు వెళ్తారు చెప్పండి!

మనకి సంబంధించిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. భర్తకి అర్హత వస్తే, ఒక్క రోజు కూడా ఉద్యోగం చేయని భార్యకీ ఆ పెన్షన్‌లో సగం దాకా అడిగే హక్కుంది. పదేళ్లకి తగ్గకుండా కాపురం చేసి విడిపోయినావిడ కూడా, మిగతా షరతులు కుదిరితే అడగొచ్చు. ఇండియాలో ఉంటూ తీసుకోవాలంటే మాత్రం అమెరికాలో ఎన్నేళ్లున్నారన్నది కూడా చూస్తారు.

ఇక రిటర్ను సంగతి. భార్యాభర్తలు కలిపి వేస్తే 2025 ఆదాయంలో 31,500 డాలర్లు టాక్స్ లెక్కలోంచి తీసేస్తారు. ఒంటరివాళ్లకి 15,750 మాత్రమే. భార్యకి సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోతే ఐటిన్ అనే నంబరు తీసుకోవచ్చు.

కానీ "ఇక్కడ సంతకం పెట్టు" అనగానే పెట్టేయకండి. జాయింట్ రిటర్నులో తప్పుంటే బాధ్యత ఇద్దరిదీ. ఇక్కడి బ్యాంకులో నాన్నగారు మీ పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కూడా అందులో చూపించాలి. అమెరికా బయట మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని ఇంకో ఫారం కూడా పంపాలి. "నాకు తెలీదండీ" అంటే జరిమానా తప్పుతుందన్న హామీ లేదు.

కాబట్టి ఒక ఫైలు పెట్టుకోండి. జనవరి నెలాఖరుకల్లా కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 కాగితం, ఏప్రిల్ 15లోగా వేసే రిటర్ను కాపీ ఏ ఏటికాయేడు అందులో దాచండి. ఎన్ని క్రెడిట్లు వచ్చాయో సోషల్ సెక్యూరిటీ వారి ఖాతాలో ఏడాదికోసారి ఆయన చేత చూపించుకోండి. తిరిగొచ్చేయాలనుకున్నప్పుడు టిక్కెట్లకంటే ముందు ఆ లెక్క చూడండి.

అంతా అయ్యాక మా చెల్లెలు, "అనవసరంగా ఆయన్ని అనుమానించానక్కా" అంది. ఆ తర్వాత చూస్తే ఆయన డబ్ల్యూ-4లో ఇంకా పెళ్లికానివాడిగానే ఉన్నాడట! ఇప్పుడు మార్పించింది లెండి.