25వ ద్వారమునకు గొళ్ళెము

ఊరిలో నొక్కడు దొంగ యైనంతమాత్రమున ఊరివారందఱి వీధితలుపులకును మేకులు కొట్టుట న్యాయమా? ఇంటర్నెట్టు సంస్థలలో పెక్కులు గృహస్థులయెడ చేయుచున్న పని యిదియే. ఇంటి కంప్యూటరునుండి ఈమెయిలు నేరుగా వెలుపలి సర్వరునకు బోవు మార్గమగు 25వ పోర్టును అవి మూసివైచినవి. స్పామును నిరోధించుటకని వాని సమాధానము.

ఈ సమాధానములో సత్యము లేదని మేమనము. 1982లో జాన్ పోస్టెల్ రచించిన ఈమెయిలు నిబంధనలలో, పంపువాడు చెప్పుకొన్న పేరు నిజమా యని విచారించు నేర్పాటు లేదు. పరస్పరవిశ్వాసమే దానికి పునాది. వంచకులు దానినే వాటముగా జేసికొనిరి. వైరసు సోకిన కంప్యూటరు, యజమాని యెఱుగకయే పరులకు బానిసయై, రాత్రింబవళ్ళు చెత్తయుత్తరములను లోకముపై గ్రుమ్మరించుచుండెను.

బ్రెజిలు చరిత్రమును జూడుడు. 2009లో స్పాము వెలువరించు దేశములలో దానిదే అగ్రస్థానము. 2011 నవంబరులో అచటి ఇంటర్నెట్టు సంఘమును, టెలికాం నియంత్రణాధికారులును, సంస్థలును ఒడంబడిక చేసికొని, గృహవినియోగదారుల 25వ పోర్టును మూయ నిశ్చయించిరి. 2013 నాటికి ఆ దేశము 12వ స్థానమునకు దిగిపోయెను. అయితే వారు ముందుగా పేరును, రహస్యపదమును అడిగి లోనికి బోనిచ్చు 587వ పోర్టును ప్రజలకు జూపి, తరువాతనే పాతద్వారమును మూసిరి. 587 క్రొత్తది కాదు. 1998 నుండియు నున్నది.

మూతపై మాకు కలహము లేదు; మూసిన తీరుపైననే. చెప్పకుండ మూయుదురు. ఉత్తరము పోలేదని వినియోగదారుడు మొఱపెట్టుకొన్న, ఫోనెత్తిన యుద్యోగికి ఆ పోర్టు పేరే తెలియదు! తన యింట తన మెయిలు సర్వరును నడుపుకొనగోరువానితో, వ్యాపారపు కనెక్షను కొనుమందురు. అధికమూల్యము చెల్లించినంతనే తొలగిపోవు అపాయము ఎట్టి అపాయమో మాకు బోధపడకున్నది. ఇది కావలికాపుదనమా, సుంకపుదారి వసూలా? ఈ నిర్బంధమువలన స్వతంత్రముగా ఉత్తరము నడుపుకొనువారు నానాటికి తగ్గి, జనుల యుత్తరములన్నియు నాలుగైదు మహాసంస్థల కొట్లలో జేరుచున్నవి. వంచకులో, దొంగిలించిన రహస్యపదములతో ఆ మహాసంస్థల సింహద్వారముననే దర్జాగా నడచిపోవుచున్నారు.

మన దేశమున ట్రాయి 2017లో చేసిన సిఫారసులలో, ఇంటర్నెట్టు రాకపోకలపై సంస్థలు విధించు కట్టడి అవసరమునకు తగినదై, తాత్కాలికమై, బహిరంగమై యుండవలెనని చెప్పెను. 2018లో ప్రభుత్వము నెట్టు తటస్థతా నియమములను ఆమోదించెను. ఎన్నడును తీయని గొళ్ళెము తాత్కాలికమగునా? ఒప్పందపత్రమున లేని నిషేధము బహిరంగమగునా? మూసిన పోర్టులు ఏవేవో సంస్థలు తమ పత్రములలో తెలుగున అచ్చొత్తింపవలయును. వైరసు సోకిన యింటివానికి ఆ సంగతి తెలుపవలయును. అపరాధమేమియు లేని చందాదారుడు కోరిన, అదనపు రుసుము లేకయే పోర్టును తెఱవవలయును. అతడు దానిని దుర్వినియోగము చేసిననాడు, అతనిది మాత్రమే మూయుదురు గాక.